కావ్యాల్లో ద్వారం: దాటే చోటా, ఆగే చోటా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు కుదించి చెబుతాను. మీరు కొంతకాలంగా ప్రాచీన కావ్యాలు, పాత నవలలు చదువుతున్నారు. ఎక్కడ చూసినా ఒక కోటవాకిలో, నగరద్వారమో, ఇనుప గేటో ఎదురవుతోంది. ద్వారం కొత్త జీవితంలోకి ప్రవేశించడానికి ప్రతీక అని మీరు చదివిన వ్యాఖ్యానాలన్నీ అంటున్నాయి. ఆ మాట సరిపోతుందా, రోమన్ కవి వర్జిల్ ఈనియడ్ కావ్యంలో తన నాయకుడు ఈనియాస్‌ను అబద్ధపు కలల ద్వారం గుండా ఎందుకు బయటికి పంపాడు, వ్యాసానికి మూడు రచనలే తీసుకోవాలంటే ఏవి తీసుకోవాలి అని మూడు సంగతులు అడిగారు.

మొదటిదానికి సూటి జవాబు: సరిపోదు. గొప్ప రచనల్లో ద్వారం ముందుగా ఆగే చోటు, దాటడం ఆ తరువాతి సంగతి. దాటడానికి ఒక్క అడుగు చాలు, అందులో కవికి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. మనిషి గడప దగ్గర ఆగినప్పుడు మాత్రం అతని భయం, సిగ్గు, ఆశ, అతనికి ఉన్న అధికారం, లేని అధికారం అన్నీ ఒకేసారి బయటపడతాయి. అందువల్ల ద్వారం దేనికి ప్రతీక అని అడిగేముందు ఇక్కడ ఎవరు ఆగారు, ఎందుకు ఆగారు, గడియ ఏ వైపున ఉంది, అది ఎవరి చేతిలో ఉంది అని అడగండి. అర్థం ఆ జవాబుల్లోంచే వస్తుంది.

ఈ మాట నాకు మొదటినుంచీ తెలిసినది కాదు. సాహిత్యం బోధించడం మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా నల్లబల్ల మీద ద్వారం అంటే ప్రవేశం, నది అంటే కాలం, దీపం అంటే జ్ఞానం అని పట్టిక రాసినవాణ్ణే. పిల్లలు ఆ పట్టికను జవాబుపత్రాల్లో నాకే తిరిగి అప్పజెప్పేవారు. ఒకరోజు ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్ పాఠంలో వెనక వరుస నుంచి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ద్వారం కొత్త జీవితమైతే హెక్టర్ లోపలికి వెళ్లకుండా బయటే ఎందుకు నిలబడ్డాడండీ?" అని అడిగాడు. క్లాసు నవ్వింది, నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఆ కావ్యాన్ని మళ్లీ తీసి ద్వారాల వెంట మాత్రమే చదవడం మొదలుపెట్టాను.

అలా చదివితే కనిపించేది ఇది. ఇరవై ఒకటో సర్గలో ట్రాయ్ రాజు, హెక్టర్ తండ్రి అయిన ముసలి ప్రయామ్ బురుజు మీద నుంచి పారిపోయి వస్తున్న తన సైన్యాన్ని చూసి, అందరూ లోపలికి చేరేదాకా తలుపులు తెరిచి పట్టుకోండి, చేరగానే మూసివేయండి అని వాకిటికావలివాళ్లకు ఆజ్ఞాపిస్తాడు. హెక్టర్ తప్ప అందరూ వస్తారు. తరువాతి సర్గ మొదట్లోనే విధి అతణ్ణి ట్రాయ్ నగరపు స్కేయన్ ద్వారం ముందు కట్టిపడేసిందని హోమర్ అంటాడు, కాని విధిని కారణంగా చెప్పి ఊరుకోడు. గోడ మీద నుంచి తండ్రి బతిమాలుతూ ఉంటే, తల్లి ఏడుస్తూ ఉంటే, హెక్టర్ తనలో తాను మాట్లాడుకుంటాడు: సైన్యాన్ని వెనక్కి మళ్లించమని తోటి వీరుడు పొలిడమస్ ముందే చెప్పాడు, తాను వినలేదు, ఇప్పుడు లోపలికి వెళితే మొదట నిందించేది అతనే. ప్రాణం కంటే ఆ మాట పడటమే అతనికి బరువుగా తోచింది. ఆ తరువాత గ్రీకు వీరుడు అకిలిస్ తరుముతుంటే గోడ చుట్టూ పరుగెత్తుతూ, పైనుంచి తనవాళ్లు బాణాలతో కాపాడతారేమోనని దర్దనియన్ ద్వారం వైపు మళ్లినప్పుడల్లా అకిలిస్ అడ్డం వచ్చి అతణ్ణి మైదానం వైపు తోసేస్తాడు. కాసేపటి క్రితం తెరిచే ఉన్న ద్వారం ఇప్పుడు అందనిదైంది.

అదే స్కేయన్ ద్వారం దగ్గర మనం అంతకు ముందే రెండుసార్లు నిలబడ్డాం. మూడో సర్గలో ప్రయామ్, నగర పెద్దలు అక్కడ కూర్చుని ఉండగా హెలెన్ వచ్చి కింద ఉన్న గ్రీకు వీరులను ఒక్కొక్కరినీ పేరు చెప్పి చూపిస్తుంది. ఆరో సర్గలో భార్యను చూడాలని హెక్టర్ ఇంటికి వెళితే ఆమె అక్కడ ఉండదు. తిరిగి యుద్ధానికి బయలుదేరి ఈ వాకిలి దాటబోతున్నప్పుడు ఆండ్రొమకీ ఎదురొస్తుంది. దాది చేతుల్లోని పిల్లవాడు తండ్రి శిరస్త్రాణం మీద ఊగుతున్న కుచ్చును చూసి జడుసుకుని ఏడుస్తాడు. తల్లిదండ్రులు నవ్వుతారు, హెక్టర్ శిరస్త్రాణం తీసి నేలమీద పెట్టి బిడ్డను ఎత్తుకుంటాడు. ఇరవై రెండో సర్గలో ఆ ద్వారం పేరు వినగానే మనకు గుండె పట్టేసినట్లయ్యేది నేలమీద పెట్టిన ఆ శిరస్త్రాణం వల్ల. ప్రతీకల పట్టిక ఆ పని చేయలేదు. చనిపోతూ హెక్టర్ అకిలిస్ చావు కూడా ఇదే ద్వారం దగ్గర రాసిపెట్టి ఉందని చెబుతాడు.

మరొక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. ఇరవై నాలుగో సర్గలో కొడుకు శవం కోసం ప్రయామ్ అకిలిస్ నివాసానికి రాత్రివేళ వెళతాడు. ఆ వాకిలికి ఒకే మానుతో చేసిన గడె ఉందనీ, దాన్ని వేయాలన్నా తీయాలన్నా ముగ్గురు మనుషులు కావాలనీ, అకిలిస్ మాత్రం ఒక్కడే వేయగలడనీ హోమర్ ఆగి మరీ చెబుతాడు. అంత తొందరలో ఆ గడె బరువు మనకు ఎందుకు? లోపల కూర్చున్న చేతులకు ఎంత బలం ఉందో, హెక్టర్‌ను చంపింది ఆ చేతులేనని, కాసేపట్లో ఈ ముసలివాడు ముద్దు పెట్టుకోబోయేది ఆ చేతులనేనని మనకు ముందుగా తెలియాలి. హెర్మెస్ దేవుడు వచ్చి తలుపు తీస్తే తప్ప ప్రయామ్ లోపలికి పోలేడు. గడియల వర్ణన వస్తే దాటవేయకండి అని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

ఆగిన మనిషి అనగానే నాకు తరువాత గుర్తొచ్చేవాడు బైబిల్ సమూయేలు రెండో గ్రంథంలోని దావీదు. ఇక్కడ ద్వారం అంటే తలుపు ఒక్కటే అనుకుంటే కథ సగం పోతుంది. ఆ కాలపు నగరద్వారం లోపలి వాకిలి, బయటి వాకిలి, మధ్యలో నీడ, పైన గది, ఆ పైన కప్పు ఉన్న ఒక కట్టడం. తీర్పులు, ఒప్పందాలు జరిగేది అక్కడే. రూతు గ్రంథంలో బోయజు పదిమంది పెద్దలను కూర్చోబెట్టుకుని, చెప్పు తీసి ఇచ్చే ఆచారంతో హక్కు మాట ఖాయం చేసుకునేది కూడా ద్వారం దగ్గరే. దావీదు కొడుకు అబ్షాలోము తిరుగుబాటు మొదలుపెట్టిన తీరు చూడండి: పొద్దున్నే లేచి ద్వారానికి పోయే దారి పక్కన నిలబడి, రాజు తీర్పు కోసం వచ్చేవాళ్లను ఆపి, నీ వ్యాజ్యం న్యాయమైనదే కాని వినే నాథుడు లేడు అని చెప్పి వాళ్ల మనసులు దోచుకున్నాడు. యుద్ధమంటూ మొదలుకాక ముందే ద్వారం చేయి మారింది.

తరువాత కొడుకు సైన్యంతో తన సైన్యం పోరాడుతున్న రోజున దావీదు రెండు వాకిళ్ల నడుమ కూర్చుని వార్త కోసం ఎదురుచూస్తాడు. కావలివాడు ద్వారం కప్పు మీదికెక్కి ఒంటరిగా పరుగెత్తుకొస్తున్న మనిషిని చూసి కేకవేస్తాడు. తరువాత రెండోవాణ్ణి చూస్తాడు. వచ్చిన ప్రతివాణ్ణీ రాజు గెలుపు గురించి అడగడు, అబ్షాలోము క్షేమమా అని అడుగుతాడు. సమాధానం విన్నాక ద్వారం మీది గదికి ఎక్కిపోతూ కొడుకు పేరు పదేపదే పిలుస్తూ ఏడుస్తాడు. సేనాపతి యోవాబు వచ్చి మందలించాక కిందికి దిగి మళ్లీ ద్వారంలో కూర్చుంటాడు, ప్రజలు ఆయన ముందుకు వస్తారు. నడుమ కూర్చున్నప్పుడు అటూ ఇటూ కాని తండ్రి, పై గదిలో తండ్రి మాత్రమే, కింద తీర్పు పీఠంలో మళ్లీ రాజు. ఇంత జరిగినా ఆయన ఆ కట్టడాన్ని దాటి ఎక్కడికీ పోలేదు.

ద్వారాన్ని తప్పించుకుని లోపలికి వెళ్లడం కూడా ద్వారం గురించి చెప్పే మాటే. మన కవులకు ఇందులో స్పష్టమైన సూత్రమే ఉంది. సుందరకాండలో లంకానగర దేవత హనుమంతుణ్ణి అడ్డగిస్తుంది, ఎడమ పిడికిలి దెబ్బ తిని, ఒక వానరం నిన్ను గెలిచిన నాడు రాక్షసులకు చేటు వచ్చినట్లే అని బ్రహ్మ తనకు చెప్పిన మాట బయటపెడుతుంది. దారి ఇచ్చింది కదా, ఇక ద్వారం గుండా వెళ్లవచ్చు. అయినా వాల్మీకి "అద్వారేణ మహాబాహుః ప్రాకారమభిపుప్లువే" అంటాడు, అంటే ద్వారం కాని చోట గోడ దూకాడని. లోపల ఎడమ పాదం ముందు మోపాడని, అది శత్రువుల తలమీద మోపడమేనని కూడా చెబుతాడు. ఎందుకలా అన్నదానికి జవాబు భారతం సభాపర్వంలో దొరుకుతుంది. జరాసంధుడి నగరంలోకి కృష్ణుడు, భీముడు, అర్జునుడు వాకిలి వదిలి చైత్యక శిఖరాన్ని పడగొట్టి చొరబడతారు. ఎందుకిలా వచ్చారని అతను అడిగితే, శత్రువు ఇంటికి ద్వారం కాని దారిన, మిత్రుడి ఇంటికి ద్వారం గుండా వెళ్లాలని కృష్ణుడు నిస్సంకోచంగా చెబుతాడు. ద్వారం గుండా వెళ్లడం అంటే ఆ ఇంటి మర్యాదను ఒప్పుకోవడం, అతిథి అవడం. గోడ దూకినవాడు ఆ రుణం పెట్టుకోడు.

ఇప్పుడు గ్రీకు సైనికులు కడుపులో దాక్కున్న ట్రాయ్ కొయ్యగుర్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఈనియడ్ రెండో సర్గలో శత్రువు గోడ దూకడు, ట్రాయ్ వాళ్లే తమ గోడ పగలగొట్టి దారి ఇస్తారు. అదే చోట వర్జిల్, ఆ గుర్రం వాకిలి గడప మీదే నాలుగుసార్లు ఆగిందని, నాలుగుసార్లూ దాని కడుపులో ఆయుధాలు గలగలలాడాయని చెబుతాడు. గోడ పగిలాక మళ్లీ గడప ఎక్కడిదని పండితులు తలలు పట్టుకున్నారు. నాకైతే ఆ లెక్క ముఖ్యం కాదు. వినదలచుకున్నవాడికి ద్వారం నాలుగు అవకాశాలు ఇచ్చింది, ఎవరూ వినలేదు. ఈ వాక్యం చెప్పినప్పుడు క్లాసులో ఎప్పుడూ నిశ్శబ్దం వచ్చేది.

ద్వారపాలకుల సంగతికి వస్తే, ఇది మీ వ్యాసానికి బాగా పనికొచ్చే గని. పోతన కుచేలోపాఖ్యానంలో ఆ బ్రాహ్మణుడు ఇల్లు కదిలాక దారి పొడవునా ద్వారక వాకిలి గురించే బెంగపడతాడు. ద్వారపాలకులు ఎక్కడి విప్రుడవు, ఎందుకొచ్చావు అని అడ్డుపెడితే ఏమి చేయాలి, వాళ్లకు ఏమైనా పరిదానం ఇచ్చి లోపలికి పోదామంటే "అర్థశూన్యుండ నేను" అని వాపోతాడు. పరిదానం అంటే లంచం. పరమాత్మను చూడబోతున్న భక్తుడి మనసులో కావలివాడి చేయి తడపడం ఎలా అన్న దిగులు పెట్టగలిగిన కవి లోకం ఎరిగినవాడు. తీరా చూస్తే ఏ అడ్డూ లేకుండా కక్ష్యాంతరాలు గడిచి కృష్ణుడి ముందుకు చేరుతాడు. ఉన్న ద్వారం కంటే ఊహించుకున్న ద్వారం పెద్దది. ఇదే భాగవతంలో జయవిజయులు వైకుంఠంలో ఏడో వాకిలి దగ్గర సనకాదులను ఆపి, శాపం పొంది, మూడు జన్మలు విష్ణుద్వేషులుగా పుట్టవలసి వస్తుంది. ఆపకూడనివాణ్ణి ఆపడం కావలివాడి పాపం. మరోవైపు సుతలంలో బలి చక్రవర్తి వాకిట విష్ణువే కావలి ఉంటాడు. ఈ రెండు కథలను కలిపి చదివితే, ఒక చోట ద్వారపాలకులను పోగొట్టుకున్న స్వామి మరొక చోట తానే ద్వారపాలకుడయ్యాడని తేలుతుంది.

షేక్‌స్పియర్ నాటకం మెక్‌బెత్ రెండో అంకంలోని కావలివాడి రంగాన్ని నేను చాలా ఏళ్లు తొందరగా చదివించి ముగించేవాణ్ణి, మోటు హాస్యమని. అది నా తప్పు. రాజు హత్య జరిగింది, భార్యాభర్తల చేతులు ఇంకా నెత్తురుతో ఉన్నాయి, అప్పుడు బయట తలుపు దబదబ మోగుతుంది. తాగి పడుకున్న కావలివాడు నిద్రమత్తులో లేచి, తాను నరకద్వారానికి కావలి అయినట్లు నటిస్తూ, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తూ, చివరికి ఈ చోటు నరకానికి తగనంత చల్లగా ఉందని ఆ నటన మానేస్తాడు. అతనికి తెలియకుండానే నిజం చెప్పాడు, ఆ ఇల్లు అప్పటికే నరకం. ఆంగ్ల వ్యాసకర్త డి క్విన్సీ 1823లో ఈ తలుపు చప్పుడు మీదే ఒక వ్యాసం రాశాడు. హత్య జరిగినంతసేపూ మామూలు లోకం ఆగిపోయి ఉంటుందని, తలుపు తట్టగానే ఆ లోకపు నాడి మళ్లీ కొట్టుకోవడం మొదలవుతుందని, ఆ ఆగిన వ్యవధి ఎంత భయంకరమో మనకు అప్పుడే తెలుస్తుందని ఆయన వివరణ. దానికి నేను చేర్చగలిగింది ఒక్కటే. తలుపు తీయడానికి అతను చేసే ఆలస్యం లోపలివాళ్లకు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకునే సమయం ఇస్తుంది. నాటకం ఆడించేవాళ్లకు ఆ అవసరం బాగా తెలుసు.

తెరవడానికి, మూయడానికి మధ్య ఉన్న తేడాను పట్టుకుంటే మరొక వరుస కనిపిస్తుంది. పాతాళానికి దిగడం సులువు, ఆ నల్లని తలుపు రాత్రింబగళ్లు తెరిచే ఉంటుంది, వెనక్కి అడుగువేసి పైకి రావడమే కష్టం అని వర్జిల్ ఆరో సర్గలో అంటాడు. ఇటలీ కవి డాంటే ఈ ఊహను అందిపుచ్చుకున్నాడు. ఆయన నరకద్వారం మీద చెక్కిన తొమ్మిది పాదాల్లో మాట్లాడేది ద్వారమే, "నా గుండా" అని ఉత్తమపురుషలో. అందరికీ గుర్తుండేది ఆశ వదలమన్న చివరి పాదం. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది ఎనిమిదో సర్గలో వచ్చే చిన్న వివరం: ఆ ద్వారానికి ఇప్పటికీ గడియ లేదు. ఎవరినీ ఆపని వాకిలి అది. పాపాలు కడుక్కునే శుద్ధిలోకపు ద్వారం దగ్గర మాత్రం మూడు రంగుల మూడు మెట్లు, కత్తి పట్టిన దేవదూత, ఒకటి బంగారం ఒకటి వెండి అయిన రెండు తాళంచెవులు, తెరిచినప్పుడు కీళ్ల పెద్ద చప్పుడు ఉంటాయి. ఆ చప్పుడు ఎందుకంటే మనుషులు దాన్ని వాడటం మానుకున్నారు గనుక. మిల్టన్ 1667లో వెలువరించిన పారడైజ్ లాస్ట్ కావ్యంలో నరకద్వారం కీళ్లు ఉరుములా కరకరలాడతాయి, స్వర్గద్వారం బంగారు కీళ్ల మీద సంగీతంలా తెరుచుకుంటుంది. అందులో నన్ను ఎప్పుడూ ఆపేది ఒక చిన్న వాక్యం: పాపం అనే స్త్రీ నరకద్వారం తెరిచింది, మూయడం మాత్రం ఆమె శక్తికి మించిపోయింది.

రోమన్లకు ఇది రాజ్యవ్యవహారం కూడా. యుద్ధకాలంలో జానుస్ అనే దేవుడి గుడి ద్వారాలు తెరిచి ఉండేవి, శాంతి వస్తే మూసేవారు. తనకు ముందు నగరం పుట్టినప్పటినుంచి రెండేసార్లు మూశారని, తన కాలంలో మూడుసార్లు మూయాలని సెనేట్ నిర్ణయించిందని చక్రవర్తి అగస్టస్ తన శాసనంలో రాయించుకున్నాడు. వర్జిల్ ఏడో సర్గలో ముసలి రాజు లటినుస్ ఆ తలుపులు తెరవనని లోపలికి వెళ్లి దాక్కుంటే, జూనో దేవత ఆకాశం నుంచి దిగి తన చేతులతో వాటిని నెట్టేస్తుంది. రాజు చేతిలో ఉండవలసిన తలుపు రాజు చేతిలో లేదు.

నవలలకు వస్తే, చాలామంది గమనించకుండా దాటిపోయేది జేన్ ఆస్టిన్ 1814లో ప్రచురించిన మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లోని ఇనుప గేటు. మరియాకు రష్‌వర్త్‌తో పెళ్లి నిశ్చయమై ఉంది. అతని ఎస్టేట్‌లో షికారు చేస్తూ తాళం వేసి ఉన్న గేటు దగ్గర ఆగుతారు, తాళంచెవి తేవడానికి రష్‌వర్త్ ఇంటికి పోతాడు. అతను వచ్చేలోపు హెన్రీ క్రాఫర్డ్, నా చేయి పట్టుకుంటే గేటు అంచు పక్కగా దాటవచ్చు కదా అంటాడు. గౌను చిరుగుతుంది, ముళ్లు గుచ్చుకుంటాయి, కందకంలో జారిపడతారు అని బల్ల మీద కూర్చున్న కథానాయిక ఫానీ భయపడుతుంది. మరియా నవ్వుతూ దాటేస్తుంది. కాసేపటికి చెల్లెలు జూలియా కూడా అలాగే దాటుతుంది. తాళంచెవి పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చిన రష్‌వర్త్‌కు అక్కడ ఫానీ ఒక్కతే కనిపిస్తుంది. నవల చివర్లో మరియా భర్తను వదిలి క్రాఫర్డ్‌తో వెళ్లిపోతుంది, జూలియా మరొకరితో లేచిపోతుంది. మొత్తం కథ ఆ గేటు దగ్గర ముందే జరిగిపోయింది, ఆస్టిన్ మాత్రం గేటు ప్రతీక అని ఒక్కచోట కూడా చెప్పలేదు. ఇక్కడ తాళంచెవి ఉన్నవాడు ఆలస్యంగా వస్తాడు, తాళంచెవి అక్కరలేనివాడు పక్కనే ఉంటాడు.

వేర్వేరు దేశాల్లో ఒకే ఏడాది, 1915లో, వెలువడిన రెండు చిన్న కథలను కలిపి చదవమని నేను ఎప్పుడూ చెబుతాను. కాఫ్కా కథలో పల్లెటూరి మనిషి ధర్మద్వారం ముందుకు వస్తాడు. ఆ ద్వారం ఎప్పటిలాగే తెరిచే ఉంది. ఈ మాట మరిచిపోయి "మూసిన తలుపు" అని రాసే వ్యాసాలు లెక్కలేనన్ని దిద్దాను. కావలివాడు ఇప్పుడు కాదు అన్నాడని ఆ మనిషి పీట మీద కూర్చుని ఏళ్లకేళ్లు గడిపేస్తాడు, తన దగ్గర ఉన్నదంతా లంచంగా ఇచ్చేస్తాడు, చివరికి కావలివాడి బొచ్చుకోటు కాలరులో ఉన్న గోమార్లను కూడా బతిమాలుతాడు. చనిపోయేముందు తెలుస్తుంది, ఆ వాకిలి అతని ఒక్కడి కోసమేనని, ఇప్పుడు మూసేస్తారని. అకుతగావా రాసిన రషోమన్ కథలో పని పోయిన ఒక సేవకుడు క్యోటో నగరపు పాడుబడ్డ ద్వారం కింద వాన వెలిసేదాకా నిలబడతాడు. ఎర్రరంగు ఊడిపోయిన లావుపాటి స్తంభం మీద ఒక కీచురాయి తప్ప తోడు లేదు. పైకప్పు గదిలో అనాథ శవాలు ఉన్నాయి. ఆకలితో చావడమా, దొంగ కావడమా అని కుడి చెంప మీది మొటిమను తడుముకుంటూ ఆలోచిస్తాడు. మొదటివాడికి కావలివాడు ఉన్నాడు, ధైర్యం లేదు. రెండోవాడి ద్వారానికి కావలివాడే లేడు, నగరమే శిథిలమైంది, ఏ వైపు పోయినా అడిగే దిక్కు లేదు. ఆపేవాడు లేని ద్వారం మనిషిని ఏమి చేస్తుందో ఆ కథ చూపిస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది అనువాదం గురించి. తెలుగులో ద్వారం, వాకిలి, గుమ్మం, గడప, తలుపు, దిడ్డి, గవని వేర్వేరు వస్తువులు. మూలంలో ఏది ఉందో తెలియకుండా అర్థం తీయకండి. కాఫ్కా జర్మన్ వాక్యాల్లో కావలివాడిని పిలిచే మాటలో మామూలు తలుపు ఉంది, అతను కాచే చోటుకు కోటవాకిలికి వాడే మాట ఉంది. ఆ కొలతల తేడాలోనే కొంత వెటకారం ఉంది. రెండోది, ప్రతి గేటూ బరువు మోయదు. నవలలో ఎవరో గేటు తీసుకుని లోపలికి వచ్చారంటే చాలాసార్లు లోపలికి వచ్చారనే అర్థం. రచయిత ఆ గేటు దగ్గర ఒక వాక్యం ఎక్కువ నిలబడితేనే మీరూ నిలబడండి.

"కొత్త జీవితం" అన్న అర్థం పూర్తిగా తప్పని నేను అనను. బన్యన్ 1678లో ప్రచురించిన యాత్రికుడి కథలో దిడ్డివాకిలి అచ్చంగా అదే. అయితే అక్కడ కూడా వాకిలి తీసినవాడు యాత్రికుణ్ణి గబుక్కున లోపలికి లాగుతాడు, ఎందుకంటే ఆ గుమ్మం ముందు నిలబడినవాళ్ల మీద పక్క కోట నుంచి బాణాలు పడతాయి. స్వర్గద్వారం దాకా వచ్చి, తగిన పత్రం చూపలేక, అక్కడి నుంచే నరకానికి పోయినవాడు కూడా ఆ పుస్తకం చివర ఉన్నాడు. అంత సరళమైన ఉపమాన కథలోనూ గుమ్మం ముందు గడిపిన క్షణానిదే బరువు.

ఇక మీ రెండో ప్రశ్న. ఒడిస్సీ పందొమ్మిదో సర్గలో కథానాయకుడు ఒడిస్సియస్ భార్య పెనెలొపీ, కలలకు రెండు ద్వారాలు ఉన్నాయని, కొమ్ముతో చేసిన దాని గుండా వచ్చేవి నిజమవుతాయని, దంతంతో చేసిన దాని గుండా వచ్చేవి మోసం చేస్తాయని చెబుతుంది. గ్రీకులో కొమ్ము అన్న మాట నెరవేరడం అన్న మాటకు, దంతం మోసగించడం అన్న మాటకు దగ్గరగా వినిపిస్తాయి, ఆ శ్లేష మరే భాషలోకీ రాదు. వర్జిల్ ఆరో సర్గ చివర ఈ రెండు ద్వారాలనూ తీసుకుని, పుట్టబోయే రోమ్ వీరులందరినీ పాతాళంలో కొడుకుకు చూపించిన తండ్రి ఆంకైసిస్ చేత, ఆ కొడుకును దంతపు ద్వారం గుండా పంపిస్తాడు. ఈనియాస్ బతికి ఉన్న మనిషి, నిజమైన నీడ కాడు కాబట్టి అలా పంపారని కొందరు, అది అర్ధరాత్రికి ముందు వేళ అని చెప్పడానికేనని కొందరు, రోమ్ వైభవమే ఒక కల అన్న అనుమానం కవి పెట్టాడని మరికొందరు అంటారు. నేను మూడో పక్షం వైపే మొగ్గుతాను, పూర్తిగా కాదు. ఆ వైభవ ప్రదర్శన చివర వర్జిల్ నిలిపింది చిన్న వయసులో చనిపోయిన అగస్టస్ మేనల్లుడు మార్సెలుస్‌ను. అంత దుఃఖం చూపించిన వెంటనే దంతపు తలుపు తీసిన కవి, ఏదో ఒకటి చెప్పకుండా చెప్పాడనే అనుకుంటాను. వ్యాసంలో మాత్రం మూడు వివరణలూ రాసి, మీకు ఏది ఎందుకు నచ్చిందో చెప్పండి. ఒక్కటే నిజమన్నట్లు రాయకండి.

చివరిగా, మూడు రచనలే అంటే ఇలియడ్‌లోని స్కేయన్ ద్వారం, మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లోని ఇనుప గేటు, కాఫ్కా కథ తీసుకోండి. మొదటిదానిలో తెరిచిన తలుపు ముందు సిగ్గుతో ఆగినవాడు ఉన్నాడు, రెండోదానిలో మూసిన గేటును పక్కనుంచి దాటినామె ఉంది, మూడోదానిలో తెరిచిన వాకిలి ముందు భయంతో కూర్చున్నవాడు ఉన్నాడు. డాంటేను కూడా చేర్చాలని మీకు తప్పక అనిపిస్తుంది. ఆయనను చేరిస్తే వ్యాసమంతా ఆయనదైపోతుంది, దానికి వేరే వ్యాసం పెట్టుకోండి. ఇలియడ్ చదివేటప్పుడు మూడు, ఆరు, ఇరవై ఒకటి, ఇరవై రెండు సర్గలు వరసగా ఒకే కూర్చోవడంలో చదవండి, మధ్యలో మరే వ్యాఖ్యానం జోలికీ పోకండి.